డాఫ్నియా పరీక్ష: నీళ్ళలో ఉండే చిన్న ప్రాణికి ఏది ఎంత విషమో 48 గంటల్లో ఎలా తెలుస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం కెమిస్ట్రీ, కొంచెం బయాలజీ, కొంచెం లెక్కలు ఉంటాయి. భయపడకండి, లెక్కలు పదో తరగతి దాటవు. కానీ విషయం మాత్రం మన కాలువలది, మన చెరువులది, మన రొయ్యలది. అందుకే చివరి దాకా ఉండండి.

ముందు ఒక ప్రశ్న. పురుగుమందు డబ్బా మీద డైమండ్ ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, గమనించారా? దాని కింది సగం త్రికోణానికి ఒక రంగు వేసి ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ నాలుగింటిలో ఒకటి. ఎరుపు అంటే అత్యంత విషం, ఆకుపచ్చ అంటే అన్నిటికంటే తక్కువ విషం. పల్లెటూళ్ళలో ఇది అందరికీ తెలుసు. షాపులో కూడా "ఇది గ్రీన్ అన్నా, ఏం కాదు" అనేస్తారు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఏం కాదు, కరెక్టే. కానీ ఎవరికి?

ఆ రంగులు మన దేశంలో 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం వేస్తారు. వాటికి ఆధారం ఎల్‌డీ 50 అనే అంకె. అంటే ప్రయోగశాలలో ఎలుకల్లాంటి జంతువులకి మందు ఇచ్చినప్పుడు, వాటిలో సగం చనిపోవడానికి శరీరం బరువులో కిలోకి ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందీ అని. నోటి ద్వారా ఇచ్చినప్పుడు 50 మిల్లీగ్రాముల లోపే సగం పోతే ఎరుపు. 51 నుంచి 500 వరకు పసుపు. 501 నుంచి 5000 వరకు నీలం. 5000 దాటితే ఆకుపచ్చ. ఎలుక కూడా మనలాగే పాలిచ్చే జంతువే కాబట్టి, ఆ రంగు మందు కొట్టే మనిషికి ఒక హెచ్చరిక. చాలా అవసరమైన హెచ్చరికే. కానీ మందు కొట్టాక స్ప్రేయర్ ఎక్కడ కడుగుతాం? కాలువలో. ఆ కాలువలో ఎలుకలు ఉండవు కదా! అక్కడ ఉండే ప్రాణుల గురించి ఆ త్రికోణం ఒక్క మాట కూడా చెప్పదు.

మరి ఎవరు చెబుతారు? దానికి వేరే పరీక్ష ఉంది. ఆ పరీక్ష హీరో పేరు డాఫ్నియా. ఇవాళ్టి కథ మొత్తం దాని చుట్టూనే.

డాఫ్నియా అంటే మంచినీటిలో బతికే చిన్న జీవి. ఇంగ్లిష్‌లో వాటర్ ఫ్లీ అంటారు, ఎందుకంటే నీళ్ళలో చిన్నగా ఎగిరెగిరి ఈదుతుంది. కానీ ఇది పురుగు కాదు. రొయ్యలు, పీతల జాతి. పరీక్షల్లో ఎక్కువగా వాడే రకం డాఫ్నియా మాగ్నా. బాగా పెరిగితే 5 మిల్లీమీటర్లు, అప్పుడే పుట్టిన పిల్ల అయితే దాదాపు ఒక మిల్లీమీటరు. ఒళ్ళంతా గాజులాగా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే గుండె కొట్టుకోవడం, పేగులో ఆకుపచ్చటి మేత, పొట్టలో పిల్లలు, అన్నీ కనిపిస్తాయి. స్కానింగ్ అక్కర్లేదు!

మన చెరువుల్లో కూడా దీని చుట్టాలు బోలెడు. మొయినా అని ఒకటుంది, చేప పిల్లలకి మేతగా హేచరీల్లో ప్రత్యేకంగా పెంచుతారు. ఇవి ఏం చేస్తాయంటే, నీళ్ళలో ఉండే సన్నటి నాచుని వడగట్టుకుని తింటాయి. వీటిని చేప పిల్లలు తింటాయి. అంటే నాచుకీ చేపకీ మధ్య నిచ్చెన మెట్టు ఇదన్నమాట. ఈ మెట్టు విరిగితే రెండు జరుగుతాయి. కింద నాచు విపరీతంగా పెరిగిపోతుంది, పైన చేప పిల్లకి తిండి ఉండదు. చేప ఒక్కటీ విషంతో చావకపోయినా చెరువు పాడైపోవచ్చు. అందుకే చేపని ఒక్కదాన్నే పరీక్షిస్తే సరిపోదు, ఈ వెన్నెముక లేని చిన్న ప్రాణుల్ని కూడా అడగాలి.

మరి ఇన్ని జీవులుండగా డాఫ్నియానే ఎందుకు? ఒకటి, పెంచడం తేలిక. గాజు పాత్ర, మంచి నీళ్ళు, నాచు మేత ఉంటే చాలు. రెండు, దీని సంతానం సంగతి చాలా ఆసక్తిగా ఉంటుంది. పరిస్థితులు బాగున్నంత కాలం ఆడ డాఫ్నియాకి మగ దాని అవసరమే లేదు. ఒంటరిగానే పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలన్నీ ఆడవే, జన్యువుల్లో తల్లికి నకళ్ళు. జిరాక్స్ కాపీలు అనుకోండి. శాస్త్రవేత్తలకి ఇది వరం. ఎందుకంటే పరీక్షలో ఒక జీవి ఆగిపోయి పక్కది ఈదుతుంటే, "వంశం వేరు కాబట్టి అలా జరిగిందేమో" అనే అనుమానం ఉండదు. మూడు, రసాయనాలకి చాలా తొందరగా స్పందిస్తుంది.

ఇంకో తమాషా చెప్పనా? మేత తగ్గినా, గుంపు ఎక్కువైనా, డాఫ్నియాలు మగ పిల్లల్ని కనడం మొదలుపెడతాయి. ఆ తర్వాత గట్టి పెంకు లాంటి కవచంలో గుడ్లు పెడతాయి. చెరువు ఎండినా అవి తట్టుకుంటాయి. ల్యాబ్‌లో పెంచే తొట్టిలో మగవి గాని, ఈ కవచం గుడ్లు గాని కనిపించాయంటే, ఆ గుంపు ఏదో ఇబ్బందిలో ఉందని అర్థం. దాని పిల్లల్ని పరీక్షకి తీసుకోరు.

ఇక పరీక్షకి వద్దాం. ప్రపంచంలో చాలా దేశాలు ఒప్పుకునే పద్ధతి ఒకటుంది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన 202వ నంబరు మార్గదర్శకం. మొదట 1981లో వచ్చింది, ఇప్పుడు వాడుతున్న రూపం 2004లోది. దీన్నే డాఫ్నియా అక్యూట్ ఇమ్మొబిలైజేషన్ టెస్ట్ అంటారు. అక్యూట్ అంటే కొద్దికాలంలో కనిపించే ప్రభావం. ఇమ్మొబిలైజేషన్ అంటే కదలలేకపోవడం. పేరులో చావు అన్న మాటే లేదు, గమనించారా? ఎందుకో తర్వాత చెబుతాను.

వంట వీడియోలాగా ఒక్కో స్టెప్ చూద్దాం.

మొదటి స్టెప్: పిల్లలు. పుట్టి 24 గంటలు నిండని డాఫ్నియాలనే తీసుకోవాలి. అన్నీ ఒకే వయసులో ఉంటాయి, పైగా లేత వయసు కాబట్టి విషానికి ఎక్కువ సున్నితం. తల్లి మొదటి కాన్పు పిల్లల్ని తీసుకోకూడదు.

రెండో స్టెప్: నీళ్ళు. కుళాయి నీళ్ళు నేరుగా పోస్తే క్లోరిన్‌కే డాఫ్నియాలు పోతాయి, మనం పరీక్షించే రసాయనం దాకా కథ వెళ్ళదు. కాబట్టి క్లోరిన్ లేని నీళ్ళు గాని, లెక్క ప్రకారం లవణాలు కలిపి తయారుచేసిన నీళ్ళు గాని వాడతారు. పీహెచ్ 6 నుంచి 9 మధ్యలో ఉండాలి. డాఫ్నియా మాగ్నాకి నీటి కఠినత్వం లీటరుకు 140 నుంచి 250 మిల్లీగ్రాములు ఉంటే మంచిది. కఠినత్వం ఎందుకు పట్టించుకోవాలి అంటే, రాగిని ఉదాహరణగా తీసుకోండి. మన రైతులు వాడే మైలుతుత్తంలో ఉండేది రాగే. చప్పటి మెత్తటి నీళ్ళలో అదే రాగి ఎక్కువ విషం, సున్నం ఎక్కువగా ఉన్న గట్టి నీళ్ళలో తక్కువ విషం. నీళ్ళు మారితే జవాబు మారిపోతుంది. అందుకే నీళ్ళ లెక్క ముందే రాసి పెట్టుకోవాలి.

మూడో స్టెప్: మోతాదులు. కనీసం 5 గాఢతలు తీసుకోవాలి. ఒక్కోటి ముందుదానికి ఇన్ని రెట్లు అనేలా పెంచుతూ పోవాలి, ఆ రెట్టింపు 2.2కి మించకపోవడం మంచిది. ఉదాహరణకి లీటరుకు 1, 2, 4, 8, 16 మిల్లీగ్రాములు. వీటితో పాటు అసలు రసాయనమే కలపని పాత్ర ఒకటి. దాన్ని కంట్రోల్ అంటారు. ఇది చాలా ముఖ్యం, మళ్ళీ వస్తాను.

నాలుగో స్టెప్: ఒక్కో గాఢతకి కనీసం 20 డాఫ్నియాలు. ఐదేసి చొప్పున నాలుగు పాత్రల్లో వేస్తే మంచిది. ఒక్కో జీవికి కనీసం 2 మిల్లీలీటర్ల నీళ్ళు ఉండాలి. ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య, ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ ఊగకుండా ఉంచాలి. మన మే నెలలో ఏసీ లేకుండా కుదరదు!

ఐదో స్టెప్: వదిలేయడం. 48 గంటలు. మేత వేయకూడదు, గాలి బుడగలు పంపకూడదు. మేత ఎందుకు వేయరంటే, చాలా రసాయనాలు నాచుకి అతుక్కుపోతాయి. అప్పుడు నీళ్ళలో ఎంత ఉందో, మేతలో ఎంత పోయిందో తేల్చలేం.

ఆరో స్టెప్: లెక్కపెట్టడం. 24 గంటలకి ఒకసారి, 48 గంటలకి ఒకసారి. పాత్రని మెల్లగా కదిలించి 15 సెకన్లు చూస్తారు. ఆ 15 సెకన్లలో ఈదలేకపోయింది అంటే అది "కదలలేనిది" కింద లెక్క. మీసాలు లాంటివి కొంచెం ఆడిస్తున్నా సరే, ఈదలేదంటే లెక్కలోకి వచ్చేసినట్టే.

ఇప్పుడు ఆ మాట. చావుని ఎందుకు లెక్కపెట్టరు? ఎందుకంటే మిల్లీమీటరు సైజు జీవి చనిపోయిందో లేదో కచ్చితంగా చెప్పడం కష్టం. అడుగున పడిపోయి కదలకుండా ఉన్నా లోపల గుండె కొట్టుకుంటూ ఉండొచ్చు. ఒకరు చూసి పోయింది అంటారు, ఇంకొకరు లేదు అంటారు. ఈదిందా లేదా అన్నది మాత్రం ఎవరు చూసినా ఒకటే. పైగా నిజమైన చెరువులో ఈదలేని డాఫ్నియా మేత తినలేదు, తప్పించుకోలేదు. గుండె కొట్టుకుంటున్నా దాని కథ ముగిసినట్టే కదా.

ఇక కంట్రోల్ సంగతి. రసాయనం లేని పాత్రలో కూడా 10 శాతం కంటే ఎక్కువ జీవులు ఆగిపోతే, మొత్తం పరీక్షే చెల్లదు. అంటే 20లో 2 వరకు ఓకే, 3 అయితే చెత్తబుట్టలోకే. ఎందుకంటే అప్పుడు నీళ్ళు బాగాలేవో, పిల్లలు బలహీనంగా ఉన్నాయో మనకి తెలీదు, నేరం రసాయనం మీద వేయలేం. అలాగే పరీక్ష చివర పాత్రల్లో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. తగ్గితే అవి విషంతో ఆగిపోయాయా, ఊపిరాడక ఆగిపోయాయా అన్న అనుమానం వస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ల్యాబ్‌లో డాఫ్నియాలు ఎప్పటిలాగే సున్నితంగా ఉన్నాయా అని అప్పుడప్పుడు పొటాషియం డైక్రోమేట్‌తో పరీక్షించి చూస్తారు. మీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చూసిన ఆ నారింజ రంగు పదార్థమే. 24 గంటల్లో సగం జీవులు ఆగిపోయే గాఢత లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య రావాలి. రాకపోతే సమస్య మన దగ్గరే ఉంది అని అర్థం. తూకం రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం లాంటిదే ఇది.

సరే, 48 గంటలు అయిపోయాయి. ఇప్పుడు లెక్క. ఇది నేను అర్థం కావడానికి ఊహించిన ఉదాహరణ, ఏ నిజమైన మందుదీ కాదు. 1 మిల్లీగ్రాము దగ్గర 20లో ఒక్కటీ ఆగలేదు. 2 దగ్గర 1 ఆగింది. 4 దగ్గర 6. 8 దగ్గర 15. 16 దగ్గర 20కి 20. కంట్రోల్‌లో సున్నా.

సగం అంటే 10 ఎక్కడ వస్తుంది? 4 దగ్గర 6, అంటే 30 శాతం. 8 దగ్గర 15, అంటే 75 శాతం. కాబట్టి 50 శాతం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది. మనం గాఢతని కూడికతో కాకుండా రెట్లతో పెంచాం కాబట్టి, గ్రాఫ్‌లో లాగరిథమ్ స్కేలు వాడాలి. అలా గీస్తే దాదాపు 5.4 మిల్లీగ్రాముల దగ్గర 50 శాతం వస్తుంది. ఈ అంకెనే ఈసీ 50 అంటారు. సగం జీవుల మీద ప్రభావం చూపే గాఢత. ల్యాబ్‌లో దీన్ని సాఫ్ట్‌వేర్‌తో చేసి, ఈ అంకె ఎంత నమ్మకంగా చెప్పగలమో ఆ హద్దులు కూడా ఇస్తారు.

చిన్న హెచ్చరిక. మందు డబ్బా మీద "25 ఈసీ" అని రాసి ఉంటుంది చూశారా, ఆ ఈసీ వేరు, ఈ ఈసీ వేరు. డబ్బా మీద ఈసీ అంటే నీళ్ళలో పోస్తే పాలలాగా కలిసిపోయే మందు రకం. రెండూ కలిపేసుకోకండి.

"అన్నా, సగమే ఎందుకు? ఒక్కటి కూడా ఆగని గాఢత చెప్పొచ్చు కదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. అన్నిటికంటే బలహీనమైన ఒక్క జీవి ఎప్పుడు ఆగిపోతుందన్నది ప్రతి పరీక్షకీ మారిపోతుంది. అన్నిటికంటే మొండిది కూడా అంతే. మధ్యలో ఉన్నది మాత్రం పెద్దగా మారదు. అందుకే రెండు రసాయనాలను పోల్చాలంటే మధ్య అంకె మేలు. కానీ గుర్తుపెట్టుకోండి, ఈసీ 50 అనేది "ఇంత వరకు సేఫ్" అనే గీత కాదు. అక్కడ సగం జీవులు అప్పటికే పడిపోయాయి!

ఇంకో చిక్కు కూడా ఉంది. మనం 8 మిల్లీగ్రాములు కలిపాం అనుకుంటాం. నిజంగా నీళ్ళలో 8 ఉందా? కొన్ని రసాయనాలు గాజుకి అతుక్కుంటాయి, కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని వెలుతురుకి విరిగిపోతాయి. అందుకే మొదట్లో, చివర్లో నీళ్ళు తీసి కొలుస్తారు. కలిపినదానికి 20 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే, కొలిచిన అంకెతోనే లెక్క కట్టాలి. లేకపోతే విషాన్ని తక్కువ చేసి చూపించినట్టే. సగం పదార్థం గాజుకే అంటుకుపోతే, నిజంగా 4 మిల్లీగ్రాములకే పడిపోయిన జీవులు 8కి పడిపోయాయని రాసుకుంటాం.

ఇప్పుడు ఈ అంకెతో ఏం చేస్తారు? రసాయనాలను వర్గాలుగా విడగొట్టడానికి ఐక్యరాజ్యసమితి తయారుచేసిన జీహెచ్‌ఎస్ అనే పద్ధతి ఉంది. చేపకి 96 గంటలు, డాఫ్నియా లాంటి జీవికి 48 గంటలు, నాచుకి 72 లేదా 96 గంటల పరీక్షలు చూస్తారు. అంకె లీటరుకు 1 మిల్లీగ్రాము గాని అంతకంటే తక్కువ గాని అయితే మొదటి వర్గం, అంటే అత్యంత విషం. 1 దాటి 10 వరకు రెండో వర్గం. 10 దాటి 100 వరకు మూడో వర్గం. మన ఊహా రసాయనం 5.4 కాబట్టి రెండో వర్గంలోకి వస్తుంది. మూడు జీవుల్లో ఏది ఎక్కువ సున్నితంగా ఉంటే దాని అంకెనే తీసుకుంటారు. ఎండిన చెట్టు, పక్కన వెల్లకిలా పడ్డ చేప ఉన్న బొమ్మ ఎప్పుడైనా చూశారా? అది ఈ పద్ధతిలోని గుర్తే.

ఇది కేవలం చదువు కోసం కాదు, డబ్బుతో కూడా ముడిపడి ఉంది. యూరప్‌లో ఒక సంస్థ ఒక రసాయనాన్ని ఏడాదికి ఒక టన్ను, అంతకంటే ఎక్కువ తయారుచేయాలన్నా, దిగుమతి చేసుకోవాలన్నా, రీచ్ అనే చట్టం కింద నమోదు చేసుకోవాలి. ఆ నమోదుకి అడిగే సమాచారంలో ఈ డాఫ్నియా పరీక్ష ఒకటి. హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యే రసాయనం అక్కడికి వెళ్ళాలన్నా ఇదే దారి. మన దేశంలో తగిన గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన రిపోర్టుని ఓఈసీడీ దేశాలు ఒప్పుకోవడం 2011 నుంచి ఉంది. అంటే అదే పరీక్షని అక్కడ మళ్ళీ చేయనక్కర్లేదు.

ఇప్పుడు మన రొయ్యల దగ్గరికి వద్దాం. భీమవరం వైపు వెళ్తే ఒక పక్క వరి చేను, ఇంకో పక్క రొయ్యల చెరువు, మధ్యలో కాలువ. చేలో కొట్టే మందు పురుగుని చంపడానికి. మరి రొయ్యకి ఎందుకు భయం?

ఎందుకంటే పురుగు, రొయ్య, పీత, డాఫ్నియా, ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబం. కీళ్ళ కాళ్ళు, పైన కైటిన్ అనే పదార్థంతో చేసిన పెంకు, పెరిగేటప్పుడు ఆ పెంకు విడవడం, నరాలు పనిచేసే తీరు, అన్నీ దగ్గర దగ్గర. పురుగులో ఏ తాళం తీయడానికి మందు తయారు చేశారో, అదే తాళం రొయ్యలో కూడా ఉంది. మనలో లేదు, లేదా వేరేలా ఉంది.

డైఫ్లూబెంజురాన్ అనే మందు చూడండి. ఇది కైటిన్ తయారవ్వకుండా అడ్డుపడుతుంది. మన ఒంట్లో కైటిన్ ఉండదు. ఎలుకకి కిలోకి 4640 మిల్లీగ్రాములు ఇచ్చినా సగం చావలేదు. త్రికోణం లెక్కలో అది చాలా మంచి మందు. అదే డాఫ్నియాకి లీటరుకు మిల్లీగ్రాములో వెయ్యో వంతులు కొన్ని చాలు. అంటే మైక్రోగ్రాములు. మనిషికి దాదాపు అమాయకం, నీటి ప్రాణికి యముడు. రెండూ నిజమే, ఒకదానికి ఒకటి అడ్డు కాదు.

ఇంకొకటి, అందరికీ తెలిసిన సైపర్‌మెత్రిన్. ఇది డాఫ్నియాని లీటరుకు ఒక మైక్రోగ్రాము అటూ ఇటూగా, కొన్ని పరీక్షల్లో ఇంకా తక్కువకే పడగొడుతుంది. లెక్క వేద్దాం. 25 శాతం ఈసీ మందులో ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే అందులో అసలు మందు 250 మిల్లీగ్రాములు. అంటే 2,50,000 మైక్రోగ్రాములు. లీటరుకు ఒక మైక్రోగ్రాము చొప్పున పంచితే 2,50,000 లీటర్ల నీళ్ళు. 5000 లీటర్ల ట్యాంకర్లు 50. స్ప్రేయర్ అడుగున మిగిలే ఒక్క మిల్లీలీటరు, 50 ట్యాంకర్ల నీళ్ళని డాఫ్నియాకి ప్రమాదకరంగా మార్చగలదు!

అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. నిజమైన కాలువలో ఇంత సూటిగా జరగదు. సైపర్‌మెత్రిన్ బురదకి గట్టిగా అతుక్కుంటుంది, నీళ్ళు పారుతూ ఉంటాయి, మందు మెల్లగా విరిగిపోతుంది. కాబట్టి ఈసీ 50 చెప్పేది ఆ పదార్థానికి ఉన్న శక్తి. నిజంగా ఎంత నష్టం జరుగుతుందన్నది నీళ్ళలోకి ఎంత చేరింది, ఎంతసేపు ఉంది అన్నదాని మీద ఉంటుంది. పులి బోనులో ఉన్నా పులే. కానీ బోను తలుపు ఎవరు తీశారన్నదే అసలు ప్రశ్న. కాలువలో స్ప్రేయర్ కడగడం అంటే ఆ తలుపు తీయడమే.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క. డాఫ్నియా చెప్పిందల్లా వేదం కాదు.

ఇమిడాక్లోప్రిడ్ తెలుసు కదా, పత్తి, మిరప, వరి రైతులందరికీ తెలిసిన మందు. డాఫ్నియా మాగ్నా మీద దీని 48 గంటల ఈసీ 50 లీటరుకు 85 మిల్లీగ్రాముల దాకా వచ్చింది. మన వర్గాల్లో చూస్తే మూడో వర్గం, అంటే పెద్ద భయం లేనట్టే కనిపిస్తుంది. కానీ నీళ్ళలో పెరిగే మేఫ్లై అనే పురుగు పిల్లల మీద పరీక్షిస్తే, లీటరుకు దాదాపు ఒక్క మైక్రోగ్రాముకే కదలలేకపోయాయి. తేడా ఎన్ని రెట్లు? పదివేల రెట్లకి పైనే! డాఫ్నియా ఒక్కదాన్నే అడిగి ఉంటే "పర్లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చేసేవాళ్ళం. పక్కనే చేపలకి మేత అయ్యే పురుగులన్నీ పోతుంటే మనకి తెలిసేదే కాదు.

అందుకే 2011లో ఓఈసీడీ 235 నంబరుతో ఇంకో పరీక్ష తెచ్చింది. అందులో కైరోనమస్ అనే పురుగు లార్వాలని వాడతారు. ఆక్వేరియం షాపుల్లో బ్లడ్ వార్మ్ అని అమ్మే ఎర్రటి పురుగులు ఈ కుటుంబమే. ఇదీ 48 గంటల పరీక్షే. పురుగుల్ని చంపడానికి చేసిన మందుని, నీటి పురుగు మీద కూడా పరీక్షించాలన్నది ఇందులోని ఇంగితం. ఇక యూరప్‌లో 2018లో ఇమిడాక్లోప్రిడ్‌ని ఆరుబయట వాడటం ఆపేశారు, దానికి ముఖ్య కారణం తేనెటీగలు.

రెండో పరిమితి: 48 గంటలు చాలా తక్కువ. ఆ రెండు రోజుల్లో హాయిగా ఈదిన డాఫ్నియా, తర్వాత పిల్లల్ని కనలేకపోవచ్చు. అందుకే 21 రోజుల పరీక్ష ఇంకోటి ఉంది, ఓఈసీడీ 211. అందులో ఎన్ని బతికాయో కాదు, ఒక్కో తల్లి ఎన్ని పిల్లల్ని కన్నదో లెక్కపెడతారు. ఈ 48 గంటల పరీక్ష గేటు దగ్గర చెకింగ్ లాంటిది. ఇక్కడ పట్టుబడితే ప్రమాదమని అర్థం. పట్టుబడకపోతే మంచివాడని అర్థం కాదు.

మూడో పరిమితి: పరీక్షలో ఒక్క రసాయనమే ఉంటుంది. మన కాలువలో ఒకేసారి నాలుగైదు కలిసి ఉంటాయి. అందుకే ఫ్యాక్టరీల మురుగు నీళ్ళని మొత్తంగా కూడా పరీక్షిస్తారు. మన దేశంలో పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఆ పరీక్ష చేపలతో ఉంది. శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని ఏమీ కలపకుండా నూటికి నూరు శాతం తీసుకుని అందులో చేపల్ని వదిలితే, 96 గంటల తర్వాత 90 శాతం బతికి ఉండాలి. మంచి నియమమే. కానీ ఇంతసేపు చూశాం కదా, చేప తట్టుకున్నదాన్ని డాఫ్నియా తట్టుకోవాలని లేదు.

సరే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌తో మీరేం చేయొచ్చు?

డబ్బా మీద బ్రాండ్ పేరు వదిలేయండి. చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, అది చూడండి. ఆ పేరుకి "సేఫ్టీ డేటా షీట్" అని కలిపి వెతకండి. వచ్చే కాగితంలో 16 విభాగాలు ఉంటాయి. నేరుగా 12వ విభాగానికి వెళ్ళండి, అది పర్యావరణానికి సంబంధించింది. అందులో డాఫ్నియా మాగ్నా, 48 గంటలు, ఈసీ 50 అని ఒక వరుస ఉంటుంది. పక్కన అంకె, ఇంకా ముఖ్యంగా యూనిట్ చూడండి. మిల్లీగ్రాములా, మైక్రోగ్రాములా? ఒక్క అక్షరం తేడా, వెయ్యి రెట్ల తేడా. రెండో విభాగంలో హెచ్ 400 గాని, హెచ్ 410 గాని కనిపిస్తే నీటి ప్రాణులకి అత్యంత విషం అని అర్థం. 410 అంటే ఆ ప్రభావం చాలాకాలం ఉంటుందని కూడా.

ఇప్పుడు మీకు ఆ వరుస చదవడం వచ్చేసింది. దాన్ని మీ నాన్నకో, బాబాయికో చూపించండి. లెక్చర్ ఇవ్వకండి, 50 ట్యాంకర్ల లెక్క ఒక్కటి చెప్పండి చాలు. స్ప్రేయర్ కడిగిన నీళ్ళని కాలువలో కాకుండా, మందు కొట్టిన చేలోనే మళ్ళీ చల్లేయమనండి. ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు కూడా ట్యాంకులోనే పోయమనండి. పైసా ఖర్చు లేదు, పైగా మందు వృథా కాదు. చెరువు గట్టు పక్క చేలో కొట్టేటప్పుడు గాలి ఎటు వీస్తుందో చూడమనండి.

రొయ్యలు చచ్చిపోతే ఊరంతా తెలుస్తుంది, లక్షల్లో నష్టం కాబట్టి. డాఫ్నియాలు పోతే ఎవరికీ తెలీదు. మిల్లీమీటరు ప్రాణి, గాజు ఒళ్ళు, చచ్చినా కనిపించదు. ఎక్కడో ఒక ల్యాబ్‌లో ఒక మనిషి 15 సెకన్లు కళ్ళార్పకుండా చూసి, "ఇది ఈదలేదు" అని కాగితం మీద ఒక గీత గీస్తేనే మనకి ఆ కబురు అందుతుంది. ఆ కాగితం ఇప్పుడు మీ ఫోన్‌లో దొరుకుతుంది. చదవడమే మిగిలింది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ 21 రోజుల పరీక్ష గురించి మాట్లాడుకుందాం. బతికే ఉన్నా పిల్లలు పుట్టకపోవడం అనేది ఎంత నిశ్శబ్దమైన ప్రమాదమో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.